మెరూన్ గోడను లేత రంగుకు మార్చడం: విజయనగరం పాత ఇంట్లో చేసిన పని వివరాలు

ఇల్లు విజయనగరం దాసన్నపేట వైపు, ఒక రిటైర్డ్ మేష్టారిది. ముందు వరండా, దాని వెనక హాలు. హాలుకి ఒకటే కిటికీ, అదీ వరండాలోకే తెరుచుకుంటుంది కాబట్టి ఎండ నేరుగా లోపలికి రాదు. కిటికీకి ఎదురు గోడ 14 అడుగుల పొడవు, 10 అడుగుల ఎత్తు. కొన్నేళ్ల కిందట దానికి మెరూన్ ఎమల్షన్ (నీళ్లు కలిపి వేసే పెయింట్) వేయించి, మధ్యలో గోల్డ్ కలర్‌తో ఆకులూ తీగలూ స్టెన్సిల్ డిజైన్ కొట్టించారు. హాల్లో ఒక గోడకి ముదురు రంగు, మిగతా మూడింటికి లేత రంగు వేయడం అప్పుడు అందరూ చేయించుకున్న పనే. పెద్ద కిటికీలున్న హాలుకి అది అందంగానే ఉంటుంది. ఈ హాలుకి ఉన్న కాస్త వెలుతురునీ ఆ గోడే మింగేసింది.

ఇబ్బంది ఎక్కువ పడింది మేష్టారి తల్లిగారు. రెండు కళ్లకీ శుక్లాల ఆపరేషన్ అయింది. సాయంత్రం ఆ గోడ పక్కనుంచి నడవాలంటే ఆవిడకి గోడ ఎక్కడుందో, దాని ముందున్న చెక్క కుర్చీ ఎక్కడుందో తేడా తెలిసేది కాదు. "గోడా చీకటీ ఒక్కలాగే ఉండేవి నాయినా" అన్నారు నాతో. ఈ పనికి అసలు కారణం ఆ మాటే.

నేను వెళ్లేసరికి గోడ మెరూన్‌గా కూడా లేదు. పైడితల్లమ్మ సిరిమాను పండక్కి చుట్టాలొస్తారని, అంతకుముందే వేరే పెయింటర్ చేత క్రీమ్ కలర్ వేయించారు. ప్రైమర్ (పెయింట్‌కి ముందు వేసే పట్టు పూత) లేదు, గోడ రుద్దింది లేదు. మెరూన్ మీద నేరుగా రెండు కోట్లు వేసి వెళ్లిపోయారు. గోడంతా లేత గులాబీ రంగు తిరిగింది, అదీ మచ్చలు మచ్చలుగా. రోలర్ ఒత్తిన చోట ఒక రంగు, వదిలిన చోట ఇంకో రంగు. మధ్యలో బంగారు ఆకులు తెర వెనక నుంచి చూసినట్టు కనిపిస్తున్నాయి. పైన శ్లాబు మూలలో చిన్న పళ్లెం అంత గోధుమ రంగు మరక తేలింది. కింద నేల నుంచి నాలుగు అడుగుల ఎత్తు వరకూ అక్కడక్కడ పొక్కులు లేచాయి.

"ఇంకో రెండు కోట్లు గట్టిగా కొట్టేస్తే సరిపోద్ది కదా బాబూ?" అని మేష్టారు అడిగారు. ఆయన ఉద్దేశం మంచి కంపెనీ పెయింట్ తెచ్చి వేయమని. ఖరీదైన పెయింట్ వేసినా ఈ గోడ దారికి రాదని చెప్పి, ఒక పూట టైమ్ అడిగి గోడ పరీక్ష చేశాను. ముదురు గోడను లేత రంగుకి మార్చే ప్రతి పనిలోనూ నేను పట్టుపట్టేది ఇక్కడే. ముదురు రంగు గోడ మీద ఉన్న లోపాలన్నిటినీ దాస్తుంది. చాలామంది అందుకోసమే వేయిస్తారు కూడా. లేత రంగు ఒక్కదాన్నీ దాచదు. మెరూన్ కింద ఏమేం ఉన్నాయో తెలుసుకోకుండా క్రీమ్ డబ్బా మూత తీస్తే డబ్బులు గోడకి పూసినట్టే.

గోడ చెప్పిన సంగతులు

మొదట తడి గుడ్డ. పాత పెయింటర్ రోలర్ తగలని ఒక చోట, స్విచ్ బోర్డు పక్కన మెరూన్ అలాగే మిగిలి ఉంది. తెల్లటి నూలు గుడ్డ తడిపి అక్కడ పది పన్నెండు సార్లు రుద్దితే గుడ్డకి గులాబీ రంగు అంటుకుంది. ఇది ముదురు షేడ్‌లన్నిటికీ కొంత ఉండే గుణం. లేత షేడ్‌లో టింటింగ్ మెషిన్ (షాపులో పెయింట్‌కి రంగు కలిపే మెషిన్) వేసే రంగు కొన్ని చుక్కలే. మెరూన్ లాంటి దానికి తెలుపు దాదాపు లేని బేస్ తీసుకుని, అందులో రంగు చాలా ఎక్కువ దించుతారు. అంత రంగుని పట్టి ఉంచే జిగురు పాలు తగ్గుతుంది, అందుకే తడి తగిలి రాపిడి పడితే పై రంగు కొద్దిగా ఊడుతుంది. దాని మీద నీళ్లు ఎక్కువ కలిపిన క్రీమ్ పెయింట్‌తో రోలర్ ముందుకీ వెనక్కీ రుద్దితే మెరూన్ కొంత పైకి లేచి క్రీమ్‌లో కలుస్తుంది. రోలర్ ట్రేలో పెయింటే గులాబీ అయిపోతుంది. మేష్టారి అబ్బాయి అది తన కళ్లతో చూశానన్నాడు.

తర్వాత స్పిరిట్. దూదికి స్పిరిట్ అద్ది గోడ మీద గట్టిగా రుద్దితే నీటి పెయింట్ మెత్తబడి దూదికి వస్తుంది, ఆయిల్ పెయింట్ రాదు. పై భాగంలో క్రీమూ వచ్చింది, దాని కింద మెరూనూ వచ్చింది. కింది నాలుగు అడుగుల్లో ఒక పొక్కుని బ్లేడుతో తెరిస్తే క్రీమ్, మెరూన్ రెండూ కలిసి పలచటి తోలులా లేచిపోయాయి. వాటి కింద మెరుస్తున్న లేత నీలం రంగు బయటపడింది. దాన్ని స్పిరిట్‌తో ఎంత రుద్దినా దూది తెల్లగానే ఉంది. పాత ఎనామిల్, అంటే ఆయిల్ పెయింట్ అన్నమాట. పాత ఇళ్లలో పిల్లల చేతి మరకలు, తల నూనె మరకలు తుడుచుకోవడానికి వీలుగా కింద నాలుగు అడుగులు ఆయిల్ పెయింట్ వేయించేవారు. దాని నునుపు పోయేలా రుద్దకుండా మెరూన్ ఎమల్షన్ వేసేశారు. ఇన్నాళ్లూ అది ఎలాగో అతుక్కుని ఉంది. పైన మళ్లీ రెండు తడి కోట్లు పడేసరికి, ఆరేటప్పుడు అవి బిగుసుకుని కింది పొరని లాగేశాయి.

అది ఎంత మేర వదులుగా ఉందో తెలుసుకోవడానికి టేపు పరీక్ష చేశాను. కొత్త బ్లేడుతో గోడ మీద అడ్డంగా ఆరు గీతలు, నిలువుగా ఆరు గీతలు దగ్గర దగ్గరగా గీసి, బ్రౌన్ టేపు అంటించి గోరుతో బాగా రాసి ఒక్క ఊపుతో లాగాలి. పైన లాగినప్పుడు టేపుకి దుమ్ము తప్ప ఏమీ రాలేదు. కింద లాగినప్పుడు గళ్లు గళ్లుగా మెరూన్ మొత్తం టేపుతో వచ్చేసింది. పొక్కు లేని చోట లాగినా అంతే. కాబట్టి పొక్కులున్న చోట మాత్రమే గీకి సరిపెట్టడం కుదరదు, నాలుగు అడుగుల పట్టీ మొత్తం తీయాలి.

శ్లాబు మూల మరక గురించి అడిగితే మేష్టారి భార్య చెప్పారు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు ఆ మూల కారింది. తర్వాత శ్లాబు మీద వాటర్ ప్రూఫింగ్ చేయించారు, కారడం ఆగింది, మరక మిగిలింది. "ఆ మరక కనపడకూడదనే ముదురు రంగు వేయించాం" అన్నారావిడ. ఇప్పుడు అక్కడ చెమ్మ ఉందో లేదో తేల్చడానికి రెండడుగుల పాలిథీన్ షీటుని మరక మీద పెట్టి నాలుగు అంచులా టేపు వేసి మర్నాటి దాకా ఉంచాను. షీటు లోపలి వైపు నీటి బిందువులు కనిపిస్తే గోడ నుంచి చెమ్మ వస్తున్నట్టు. ఏమీ రాలేదు. కింద నేల దగ్గర పెట్టిన షీటు కూడా పొడిగానే ఉంది. తడి కనిపించి ఉంటే ఈ పని అక్కడే ఆపేసేవాణ్ణి. చెమ్మ ఉన్న గోడకి ఏ రంగు వేసినా నిలవదు.

గోడకి ఎడమ వైపు దీపపు గూడు ఒకటి ఉంది. దాని పైన వేళ్ల వెడల్పున మసి చార, అంచున కుంకుమ, నూనె. దాని సంగతి తర్వాత చెబుతాను.

ఇంకో కోటు వేస్తే ఎందుకు చాలదు

మేష్టారు సైన్సు చెప్పినవారు, అందుకని ఈ సంగతి ఆయనతో మాట్లాడటం నాకు బాగా అనిపించింది. తెల్ల పెయింట్ కింది రంగుని కప్పేది టైటానియం డయాక్సైడ్ అనే తెల్లటి పొడి వల్ల. దాని వక్రీభవన గుణకం, అంటే కాంతిని ఎంత వంచుతుందో చెప్పే అంకె, సుమారు 2.7. దాని చుట్టూ ఉండే పెయింట్ జిగురుది సుమారు 1.5. ఈ రెండిటి మధ్య తేడా ఎంత ఉంటే కాంతి అంతగా చెదిరి వెనక్కి వస్తుంది, కింది రంగు దాకా పోదు. చవక పెయింట్లలో టైటానియం తగ్గించి సుద్ద పొడి పెంచుతారు. సుద్ద గుణకం 1.6 దగ్గర. జిగురుతో పోలిస్తే తేడా ఏమంత లేదు, కాబట్టి కప్పడమూ అంతంత మాత్రమే.

మరి మన పెద్దలు వేసిన వెల్ల గోడని తెల్లగా ఎలా కప్పిందని మేష్టారు అడిగారు. చాలా మంచి ప్రశ్న. సున్నం వేస్తున్నప్పుడు చూడండి, తడిగా ఉన్నంతసేపూ కింద గోడ కనిపిస్తూనే ఉంటుంది. ఆరాక తెల్లబడుతుంది. ఆరినప్పుడు సున్నం రేణువుల మధ్య సందుల్లో గాలి చేరుతుంది. గాలి గుణకం 1, నీటిది 1.33. గాలితో తేడా ఎక్కువ కాబట్టి తెల్లగా కనిపిస్తుంది. వాన జల్లు కొట్టి తడిస్తే ఆ సందుల్లో నీరు చేరి మళ్లీ గోడ రంగు బయటపడుతుంది. సుద్ద ఎక్కువున్న పెయింట్ కూడా ఇదే పద్ధతిలో ఆరాక కప్పినట్టు కనిపిస్తుంది. తడి గుడ్డతో తుడిచినప్పుడల్లా కింది ముదురు రంగు తొంగి చూస్తుంది.

రెండో సంగతి మందం. లీటరు పెయింట్‌ని 100 చదరపు అడుగుల మీద సమంగా పరిస్తే తడి పొర సుమారు 108 మైక్రాన్లు (మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్), ఇంచుమించు ఒక జిరాక్స్ కాగితం మందం. నీళ్లు ఆవిరయ్యాక అందులో మూడో వంతో, కాస్త ఎక్కువో మిగులుతుంది. డబ్బా మీద రాసిన దానికి రెట్టింపు నీళ్లు కలిపితే మిగిలేది ఇంకా తక్కువ. ఆ పలచటి పొరతో మెరూన్‌ని కప్పాలంటున్నాం. గోడ మీద పడిన వెలుగులో ఎంత వెనక్కి వస్తుందో నూటికి ఇంత అని లెక్కగడతారు. చాలా షేడ్ కార్డుల వెనక ఎల్ఆర్‌వీ అని రాసి ఉండేది అదే. మెరూన్‌కి అది 10 లోపు. లేత క్రీమ్‌కి 75 పైన. ఇంత దూరం ఒక్క పై పెయింట్‌తో దాటాలనుకోవడమే పొరపాటు. కప్పే పని తెల్ల ప్రైమర్‌కి అప్పగించాలి. ప్రైమర్ లీటరు ధర మంచి ఎమల్షన్ ధరలో సగం కూడా ఉండదు, పైగా అది కింది పొరని పట్టుకుంటుంది, పై పొరకి పట్టునిస్తుంది. రంగు, నునుపు, తుడిచే వీలు, ఇవి చూసుకోవడం పై పెయింట్ పని.

ఏ ప్రైమర్ బాగా కప్పుతుందో షాపువాళ్ల మాట మీద తేల్చుకోనక్కర్లేదు. న్యూస్‌పేపర్‌లో పెద్ద నల్లటి ప్రకటన ఉన్న పేజీ తీసుకుని, రెండు రకాలనీ పక్కపక్కన ఒకే బ్రష్‌తో ఒక్కో పట్టీ వేసి పూర్తిగా ఆరనివ్వండి. అక్షరాలు ఎందులో ఎక్కువ మాసిపోయాయో అదే తీసుకోండి. తడిగా ఉన్నప్పుడు చూస్తే తప్పు తీర్పు వస్తుంది.

కింది నాలుగు అడుగులు

పని ఇక్కడ మొదలైంది, ఎక్కువ ఓపిక పట్టింది కూడా ఇక్కడే. వెడల్పు బ్లేడుతో గీకితే మెరూన్ పొర చాలా చోట్ల పెచ్చులు పెచ్చులుగా వచ్చేసింది. గట్టిగా పట్టిన చోట తడి గుడ్డ కాసేపు ఆనించి ఉంచి గీకాం. కింద మిగిలింది నీలం ఎనామిల్, అది సిమెంటుని గట్టిగా పట్టుకుని ఉంది. దాన్ని తీయాల్సిన అవసరం లేదు, నునుపు చంపితే చాలు.

ఒక జాగ్రత్త గట్టిగా చెప్పాలి. ఇళ్లకి వేసే పెయింట్లలో సీసం 90 పీపీఎం (పది లక్షల్లో 90 వంతులు) దాటకూడదన్న నిబంధన మన దేశంలో 2016లో వచ్చి, 2017 నవంబరు 1 నుంచి అమల్లో ఉంది. అంతకుముందటి ఎనామిల్స్‌లో, ముఖ్యంగా పసుపు, ఎరుపు, ఆకుపచ్చ రంగుల్లో సీసం ఉండే అవకాశం చాలా ఎక్కువ. ఈ నీలం అంతకంటే పాతది. అందుకే మెషిన్‌తో పొడిగా రుద్దనివ్వలేదు. మంట పెట్టి కాల్చడం అసలు వద్దు. వాటర్ పేపర్ (తడిపి వాడే గరుకు కాగితం) తడిపి చేత్తోనే రుద్దాం, బురదని పాత గుడ్డలతో ఎత్తి కవర్లో కట్టేశాం. మాస్కులు పెట్టుకున్నాం. మేష్టారి మనవరాలికి మూడేళ్లు. పాపని పెరటి గదిలోనే ఉంచమని, ఆ పని జరుగుతున్నప్పుడు హాల్లోకి తేవద్దని ముందే చెప్పాను. సీసం పొడి పసిపిల్లలకి చేసే హాని మామూలుది కాదు. మన పనివాళ్లకీ అంతే. చాలామంది కుర్రాళ్లు ముక్కుకి గుడ్డ కూడా కట్టుకోకుండా పాత తలుపులు రుద్దడం చూస్తే నాకు బాధేస్తుంది.

మెరుపు పోయి మొత్తం మసకగా అయ్యాక, కడిగి ఆరబెట్టి, సాల్వెంట్ ప్రైమర్ (నీటిది కాని, ఆయిల్ జాతి ప్రైమర్) ఒక కోటు. నీటి ప్రైమర్ ఇక్కడ వాడలేదు. ఆయిల్ పెయింట్ మీద పట్టు కావాలంటే మొదటి పొర ఆయిల్ జాతిదే అయితే ధైర్యం. అది ఒక రోజు పూర్తిగా ఆరాక దాని మీద నీటి ప్రైమర్ హాయిగా నిలుస్తుంది.

గీకిన భాగానికీ గీకని భాగానికీ మధ్య గోడ పొడవునా ఒక మెట్టు మిగిలింది. చేత్తో తడిమితే తెలుస్తుంది. ఆ మెట్టుని అక్రిలిక్ పుట్టీతో (గోడ ఎత్తుపల్లాలు పూడ్చే ముద్ద) సర్దాం. తెల్ల సిమెంటు పుట్టీ పెడదామని మా కుర్రాడు అన్నాడు, బస్తా చవక. అది వద్దన్నాను. తెల్ల సిమెంటు పుట్టీకి తడిని పీల్చుకునే గోడ కావాలి. పెయింట్ పొర తడి పీల్చదు, దాని మీద అది గట్టిపడినట్టు కనిపించి తర్వాత పలకలా ఊడుతుంది. అక్రిలిక్ పుట్టీని రెండు పలచటి పొరలుగా, అంచుని ఒక అడుగు వెడల్పున పైకి లాగుతూ పెట్టాం.

బంగారు ఆకులు

ఇక్కడ చాలామంది మోసపోతారు. డిజైన్ కనిపించేది దాని రంగు వల్ల అనుకుంటారు, అందుకే కోటు మీద కోటు వేస్తారు. రంగు ప్రైమర్‌తో పోతుంది, అచ్చు పోదు. స్టెన్సిల్ పెట్టి స్పాంజితో అద్దిన గోల్డ్ పెయింట్ మందంగా పడుతుంది, ప్రతి ఆకు అంచునా చిన్న గట్టు నిలుస్తుంది. పగలు కనపడదు. రాత్రి గోడ పక్కనున్న ట్యూబ్‌లైట్ వేస్తే ఆ గట్ల నీడలు పడి తెల్ల గోడ మీద తెల్ల ఆకులు లేస్తాయి.

120 నంబరు గరుకు పేపర్‌తో (నంబరు పెరిగేకొద్దీ గరుకు తగ్గుతుంది) ఆకుల అంచులు మాత్రమే కోశాం, తర్వాత 180తో డిజైన్ భాగమంతా. ఇది కంటితో తేలే పని కాదు. కళ్లు మూసుకుని నాలుగు వేళ్లూ గోడకి ఆనించి పక్కకి జరపాలి. వేళ్లకి అంచు తగిలితే ఇంకా రుద్దాలి. మేష్టారి తల్లిగారు కుర్చీలో కూర్చుని చూస్తూ, నేను చూస్తానని చెయ్యి చాపారు. తీసుకెళ్లి గోడ దగ్గర నిలబెడితే, మేమంతా అయిపోయిందనుకున్న చోట ఒక తీగ కొసని ఆవిడ వేలు పట్టేసింది. ఆ తర్వాత ఆ భాగమంతా అక్రిలిక్ పుట్టీ ఒక పలచటి చేయి పెట్టి, 220తో నున్నగా చేశాం. లైట్లన్నీ ఆర్పి, టార్చిని గోడకి ఆనించి పక్కవాటున వేసి చూశాం. నీడ పడలేదు.

మిగతా పై భాగంలో పాత పెయింటర్ వేసిన క్రీమ్ గట్టిగానే ఉంది కాబట్టి దాన్ని తీయలేదు. 180తో ఒకసారి రుద్ది, దుమ్ము తుడిచాం, అంతే.

మరకలు

నీటి మరక, మసి, కుంకుమ, నూనె, స్కెచ్ పెన్ గీతలు. వీటి మీద నీటి ప్రైమర్ వేస్తే ఆ తడికి మరక కరిగి, ఆరేటప్పుడు నీటితో పాటు పైకి వచ్చేస్తుంది. ఎన్ని కోట్లు వేసినా మళ్లీ వస్తూనే ఉంటుంది. శ్లాబు మూల మరక క్రీమ్ మీద తేలడానికి కారణం అదే. దీపపు గూటిని సబ్బు నీళ్లతో, జిడ్డు పోయేదాకా మార్చి మార్చి కడిగాం. జిడ్డు ఉండగా ఏదీ పట్టదు. ఆరాక అక్కడా, శ్లాబు మూలలో మరక దాటి చుట్టూ ఒక అడుగు మేరా సాల్వెంట్ ప్రైమర్ వేశాం. మర్నాడు చూస్తే మూల తెల్లగా ఉంది. గూటి మీద మసి నీడ కొద్దిగా కనిపించింది, ఇంకో చేయి వేశాం.

ప్రైమర్ రెండు కోట్లు

ఇప్పుడు గోడ నాలుగు రంగుల పటంలా ఉంది. పైన పాత క్రీమ్, మధ్యలో పుట్టీ, మూలలో సాల్వెంట్ ప్రైమర్, స్విచ్ బోర్డు దగ్గర మెరూన్. ఒక్కో చోట గోడ తడి పీల్చే తీరు ఒక్కో రకం. దీన్ని ఇలాగే వదిలి పై పెయింట్ వేస్తే పుట్టీ ఉన్న చోట మసకగా, లేని చోట మెరుపుగా తేలుతుంది. రంగు ఒకటే అయినా మచ్చల్లా కనిపిస్తుంది. అందుకని గోడ మొత్తానికి నీటి ప్రైమర్ రెండు కోట్లు. నీళ్లు డబ్బా మీద రాసినదానికి తక్కువే కలిపాం గానీ ఎక్కువ కలపలేదు.

మొదటి కోటు తెలుపు. రెండో కోటులో ఎంచుకున్న క్రీమ్ తాలూకు రంగు కొద్దిగా కలిపించాను. తెలుపు మీద తెలుపు వేస్తే, అందులోనూ ఇలాంటి చీకటి హాల్లో, ఎక్కడ వదిలేశామో కనపడదు. కొద్దిగా రంగు తేడా ఉంటే రోలర్ తగలని చోటు వెంటనే తెలిసిపోతుంది. పై కోటుకీ అది సాయం.

సీజన్ అక్టోబరు చివర. మన ఉత్తరాంధ్ర తీరానికి ఆ నెలల్లో గాలిలో చెమ్మ ఎక్కువ, తుపాను మబ్బు ఎప్పుడు పడుతుందో తెలియదు. కోటుకీ కోటుకీ నాలుగు గంటలు చాలని డబ్బా మీద ఉంటుంది, అది పొడి వాతావరణానికి. మేం ఒక కోటు వేస్తే మర్నాడే రెండోది. త్వరగా ఆరాలని ఫ్యాను గోడ వైపు ఫుల్ స్పీడ్‌లో తిప్పడం మంచిది కాదు, పైన తోలు కట్టి లోపల పచ్చిగా ఉండిపోతుంది. తలుపులూ కిటికీలూ తీసి ఉంచితే చాలు.

ఏ రంగు

మేష్టారి అబ్బాయికి తెల్లటి తెలుపు కావాలి. నేను రెండడుగుల హార్డ్‌బోర్డు ముక్కలకి మూడు షేడ్‌లు రెండేసి కోట్లు వేసి తెచ్చి, ఆ గోడకే ఆనించి పెట్టాను. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, రాత్రి వాళ్ల లైట్ల కింద ఒకసారి చూడమన్నాను. షేడ్ కార్డు మీద తపాలా బిళ్ల అంత ముక్క చూసి గోడ రంగు తేల్చడం కుదరదు. రాత్రి వాళ్ల తెల్లటి ఎల్ఈడీ ట్యూబ్ కింద ఆ తెలుపు నీలంగా తిరిగి ఆసుపత్రి గదిలా అనిపించింది. పసుపు ఛాయ కాస్త ఉన్న క్రీమ్ పగలూ రాత్రీ కూడా నెమ్మదిగా ఉంది. పెద్దావిడ దాన్నే చూపించారు.

మెరుపున్న ఫినిష్ వద్దని నేనే చెప్పాను. తుడుచుకోవడానికి అది బాగుంటుంది నిజమే. కానీ శుక్లాల ఆపరేషన్ అయిన కళ్లని గోడ మీద ట్యూబ్‌లైట్ ప్రతిబింబం ఇబ్బంది పెడుతుంది. పైగా రిపేరు చేసిన గోడ ఎత్తుపల్లాలన్నీ మెరుపులో బయటపడతాయి. కడగడానికి వీలుండే మ్యాట్ (మెరుపు లేని) ఎమల్షన్ తీసుకున్నాం.

పై కోట్లు

రెండు డబ్బాల పెయింట్‌ని ఒకే బకెట్లో పోసి బాగా కలిపి వాడాం. ఒకే కోడ్‌తో మెషిన్ కలిపినా డబ్బాకీ డబ్బాకీ వెంట్రుక వాసి తేడా ఉండొచ్చు, అది గోడ మధ్యలో తేలితే దిద్దలేం. ఒకరు బ్రష్‌తో అంచులు వేస్తూ ముందు నడిచారు, ఇంకొకరు ఆ అంచు తడి ఆరకముందే రోలర్‌తో వెనకే వచ్చారు. 14 అడుగులూ ఒక చివర నుంచి ఇంకో చివరకి ఆగకుండా పోవాలి. మధ్యలో టీ కోసం ఆగితే ఆ గీత ఎప్పటికీ ఉంటుంది.

మొదటి కోటు ఆరిన సాయంత్రం మేష్టారు కంగారుగా పిలిచారు. "చూడు బాబూ, కింద మళ్లీ గులాబీ రంగు తిరుగుతోంది. మెరూన్ పైకొచ్చేస్తోంది." చూస్తే నిజంగానే కింద రెండడుగులు లేత గులాబీగా ఉంది. ఈ ఇంటికి ఎర్ర గచ్చు నేల, ఏళ్ల తరబడి తుడిచి తుడిచి అద్దంలా ఉంటుంది. కిటికీ వెలుగు నేల మీద పడి ఎర్రగా పైకి లేచి గోడ మీద వాలుతుంది. మెరూన్ ఉన్నన్నాళ్లూ అది కనపడలేదు. ఇలా ఉంటుందని ముందే చెప్పి ఉంచినా, కంటికి కనిపించేసరికి ఎవరికైనా టెన్షన్ వస్తుంది కదా. తెల్ల దుప్పటి ఒకటి అడిగి తీసుకుని గోడ వెంబడి నేల మీద పరిచాను. గులాబీ రంగు అక్కడికక్కడే పోయింది. దుప్పటి తీస్తే మళ్లీ వచ్చింది. మేష్టారే రెండు మూడు సార్లు దుప్పటి వేసీ తీసీ చూసుకుని, మనవరాలిని పిలిచి చూపించారు. లేత రంగు చాప ఒకటి గోడ పక్కన వేసుకోమన్నాను. మెరూన్ పైకి రావడమే అయితే నేల మీద ఏం పరిచినా రంగు మారదు. ఇలాంటి ఫిర్యాదు వచ్చినప్పుడు ఇంకో కోటు వేసే ముందు ఈ పరీక్ష చేయాలి.

రెండో కోటు మర్నాడు వేశాం. రాత్రి టార్చితో మళ్లీ పక్కవాటున చూశాం. ఆకులు లేవు, మెట్టు లేదు, మూల మరక లేదు. కిటికీ తీసి ఉంటే ఇప్పుడు పగలు హాల్లో లైటు వేయడం లేదు. పెద్దావిడ చెక్క కుర్చీ ముదురు రంగు, క్రీమ్ గోడ ముందు అది స్పష్టంగా తెలుస్తోంది. దాన్ని కూడా తెల్లగా వేయించనా అని అబ్బాయి అడిగితే వద్దన్నాను. తక్కువ చూపున్నవాళ్లకి గోడకీ సామానుకీ రంగు తేడా ఉంటేనే మేలు.

ఖర్చు విషయం

140 చదరపు అడుగుల గోడకి సాల్వెంట్ ప్రైమర్ లీటరు లోపు, నీటి ప్రైమర్ మూడు లీటర్లు, ఎమల్షన్ మూడు లీటర్ల లోపు, అక్రిలిక్ పుట్టీ చిన్న డబ్బా, పేపర్లు పట్టాయి. మెటీరియల్‌కి అయిన దానికంటే కూలీకే ఎక్కువైంది. ఆ కూలీలో పెద్ద భాగం గీకడానికీ రుద్దడానికీ పోయింది. నిజానికి పై పెయింట్ వేసిన పని మొత్తంలో చిన్న ముక్క. ఇలాంటి గోడకి చదరపు అడుగు రేటు ఫోన్లో అడిగితే నేను చెప్పను. గోడ చూడకుండా చెప్పే రేటులో గీకుడు ఉండదు, ఆ తర్వాత పని కూడా ఆ రేటుకి తగ్గట్టే ఉంటుంది. మెరూన్ కింద ఎనామిల్, స్టెన్సిల్, మరక లేని మామూలు గోడ అయితే రుద్దడం, రెండు ప్రైమర్, రెండు పై కోట్లతో అయిపోతుంది. ఇందులో సగం శ్రమ కూడా ఉండదు.

వెళ్లే ముందు షేడ్ కోడ్‌ని మీటరు బోర్డు తలుపు లోపల మార్కర్‌తో రాశాను. మిగిలిన పెయింట్‌ని గాలి చొరకుండా చిన్న డబ్బాలో పోసి, తేదీ వేసి ఇచ్చాను. నాలుగు వారాల దాకా గోడని తడి గుడ్డతో తుడవొద్దని, ఎమల్షన్ చేతికి ఆరినట్టున్నా లోపల గట్టిపడటానికి అంత టైమ్ పడుతుందని చెప్పాను. గూట్లో దీపం వత్తి కాస్త ముందుకి, పళ్లెంలో పెట్టుకుంటే మసి పై అంచుకి తగలదు. వచ్చే వానాకాలం అయ్యాక కింది నాలుగు అడుగుల పట్టీని అరచేత్తో నొక్కుతూ ఒకసారి చూసుకోమన్నాను. ఎక్కడైనా బోలుగా అనిపిస్తే దాని మీద పెయింట్ వేయకుండా ముందు కబురు పెట్టమన్నాను.